అక్షరము వేఱు, బుద్ధి వేఱు

ఏటేట పరీక్షాఫలితములు వెలువడు దినములలో మన యూళ్ళయందు ఒక తీర్పు తఱచుగా వినబడుచుండును. "వీనికి చదువు రాదు, ఏదైన పనిలో పెట్టుడు" అని బాలుని గూర్చి యందురు. "దీనికి చదువు వంటబట్టలేదు, సంబంధము చూడుడు" అని బాలికను గూర్చి యందురు. ఈ తీర్పు చెప్పువారు చెడ్డవారు కారు. బిడ్డల మేలు కోరు తల్లిదండ్రులును, ఏండ్ల తరబడి పాఠములు చెప్పి యలసిన ఉపాధ్యాయులును వారిలో నుందురు. అయినను ఆ తీర్పుపై అప్పీలు లేదు. పనిలో ప్రవేశించిన బాలుడు చేతిపని నేర్చి, నాలుగూళ్ళు తిరిగి, తన బుద్ధిబలమును ఎట్లో లోకమునకు జూపుకొనవచ్చును. పెండ్లిపీటలపై గూర్చుండిన బాలికకు అట్టి యవకాశము చిక్కుట యరుదు. కావున ఈ తీర్పు ఎంతవఱకు న్యాయమో విచారించుట మన పాఠశాలకును, మన యిండ్లకును గూడ విధి యని నా యభిప్రాయము.

చదువులో వెనుకబడిన పిల్లలందఱును ఒక తెగకు జెందినవారు కారు. ఒకరు ఆకలిచేత వెనుకబడుదురు. ఒకరికి చూపు చాలదు. కంటియద్దములు పెట్టినంతనే బాగుపడుదురు. మఱియొకరు ఆటపాటలయందు మనసు నిలిపి పుస్తకము తెఱవనే తెఱవరు. వీరుగాక వేఱొక తెగ కలదు. ఆ తెగకు జెందిన బాలిక మాటలలో చుఱుకైనది. తాతమ్మ చెప్పిన కథ నొక్కమాటు విని, మాట పొల్లుపోకుండ తిరిగి చెప్పగలదు. సంతలో చిల్లర లెక్క నోటితో తేల్చగలదు. కాని వాచకము తెఱచినంతనే ఆమె నాలుక తడబడును. "మ" యని యుండగా "య" యనును. "బ"కును "భ"కును భేదము తెలియదు. వత్తు ఎచ్చట నున్నదో, కొమ్ము ఎచ్చట నున్నదో గుర్తింపలేదు. పై పంక్తిలో సరిగా చదివిన మాటనే క్రింది పంక్తిలో తప్పు చదువును. నల్లబల్లమీది వ్రాతను ఎత్తి వ్రాయుచుండగనే గంట కొట్టుదురు. ఉక్తలేఖనపు కాగితము ఎఱ్ఱసిరాతో నిండిపోవును. ఆ పాఠమునే నోటితో అడిగి చూడుడు. తరగతిలో మొదటి మార్కులవారికంటె చక్కగా చెప్పును!

దీనికి డిస్లెక్సియా యని పేరు. తెలుగున పఠనవైకల్యము అనవచ్చును. వ్రాతకు సంబంధించినదియు, లెక్కకు సంబంధించినదియు నగు వైకల్యములు వేఱుగా గలవు. వీనినన్నిటిని గలిపి అభ్యసనవైకల్యములని వ్యవహరింతురు. పఠనవైకల్యము కంటి జబ్బు కాదు, బద్ధకము కాదు, పెంపకపు లోపమును గాదు. చెవికి వినబడు ధ్వనులను విడదీసి, ఒక్కొక్క ధ్వనిని ఒక్కొక్క గుర్తుతో ముడివేయు పని మెదడులో సుకరముగా సాగకపోవుటయే దీనికి ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఇది కుటుంబములలో తరతరములుగ కనబడుటయు గలదు. "నీ తండ్రియు నిట్లే యుండెను" అని యవ్వ గారు అను మాట నిందగా నన్నదైనను, దానిలో గొంత శాస్త్రము లేకపోలేదు.

ఈ సంగతి లోకమునకు దెలిసి నూటముప్పదియేండ్లు కావచ్చినది. 1896వ సంవత్సరమున ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గాన్ అను వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికయందు పెర్సీ యను పదునాలుగేండ్ల బాలుని గూర్చి ప్రకటించెను. ఆ బాలుడు తెలివిగలవాడు. ఆటలలో తోడిబాలురకు దీసిపోడు. లెక్కలన్న వానికి ప్రీతి. ఏడవయేట నుండియు చదువు చెప్పించుచున్నను వానికి చిన్నచిన్న మాటలు చదువుట సైతము దుర్ఘటముగ నుండెను. తన పేరు తానే తప్పు వ్రాసెను. పాఠములన్నియు నోటితోడనే జరిగినచో వాడు బడిలో నెల్లరకంటె తెలివిగలవాడుగ నుండునని వాని నెఱిగిన ఉపాధ్యాయు డభిప్రాయపడెనట. ఆ గురువుగారి మాటలో ఈ విషయమంతయు నిమిడియున్నది. వాని బుద్ధిలో లోటు లేదు. పుస్తకమునకును బుద్ధికిని నడుమ నున్న త్రోవలో అడ్డు గలదు.

ఆ త్రోవ కష్టమైనను గమ్యము చేరిన వారిలో కరోల్ గ్రైడర్ అను అమెరికా దేశపు విదుషీమణి యొకతె. చిన్ననాడు మాటల వర్ణక్రమము పట్టువడక, తనకు తెలివి లేదేమో యని యామె బాధపడెను. వెనుకబడిన పిల్లలకై యేర్పఱచిన ప్రత్యేకపాఠములకు ఆమెను పంపిరి. పైచదువునకు ప్రవేశపరీక్ష వ్రాసినపుడు మార్కులు తక్కువ రాగా పెక్కు విశ్వవిద్యాలయములు ఆమెను చేర్చుకొనలేదు. బర్కిలీ విశ్వవిద్యాలయము చేర్చుకొనెను. అచ్చట ఆచార్యురాలు ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ గారి యొద్ద పరిశోధన చేయుచు, 1984వ సంవత్సరపు క్రిస్మస్ దినమున, జీవకణములలోని క్రోమోసోముల కొనలను నిలుపు టెలొమరేజ్ అను పదార్థపు జాడను ఆమె మొదట కనుగొనెను. 2009లో గురుశిష్యురాండ్రిరువురకును, జాక్ షోస్టాక్ అను మఱియొక శాస్త్రజ్ఞునికిని కలిపి నోబెల్ బహుమాన మొసగిరి. మార్కుల పట్టికను మాత్రమే చూచి తలుపు మూసిన విద్యాలయములు ఏమి పోగొట్టుకొన్నవో చదువరులే యూహింతురుగాక.

ఇక వైకల్యమును జయించుట యననేమి? మందు మ్రింగి జ్వరము పోగొట్టుకొన్నట్లు ఇది పోవునది కాదు. పెద్దయైన పిదప గూడ చదువు మెల్లగనే సాగవచ్చును. జయించుట యనగా వేఱొక త్రోవ నేర్చుకొనుట. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అను వైద్యుడును, అన్నా గిల్లింగ్‌హామ్ అను ఉపాధ్యాయినియు గత శతాబ్దపు పూర్వార్ధమున ఇట్టి పిల్లల కనుకూలమైన బోధనాపద్ధతి నేర్పఱచిరి. దాని సారమిది: అక్షరమును కంటితో చూడవలెను, నోటితో పలుకవలెను, చెవితో వినవలెను, చేతితో దిద్దవలెను, ఈ నాలుగును ఒక్కసారిగ జరుగవలెను. ఒక మెట్టు గట్టిపడిన పిదపనే రెండవ మెట్టు.

ఈ మాట వినినపుడు తెలుగువారి మనసునకు వెంటనే తోచునది వీధిబడి. మన ముత్తాతలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచు, దిద్దిన యక్షరమును గొంతెత్తి పలుకుచు ఓనమాలు నేర్చిరి. కన్ను, చెవి, నోరు, వ్రేలు నాలుగును ఆ చదువులో పాలుగొన్నవి. మన లిపికి ఈ పద్ధతి మఱింత యవసరము. ఇంగ్లీషులో అక్షరములు ఒకదాని ప్రక్కన నొకటి వరుసగా నిలుచును. తెలుగున నట్లుగాక తలకట్టు పైన, వత్తు క్రింద, కొమ్ము ప్రక్కన నుండును. ధ్వనికిని గుర్తునకును పొత్తు కుదురుట మన లిపికి గొప్ప సుగుణము. కాని గుర్తుల సంఖ్య హెచ్చు, ఒకదాని నొకటి పోలినవియు పెక్కు. తడబడు పిల్లకు నూఱుసార్లు కాపీ వ్రాయుమని శిక్ష విధించిన నేమి లాభము? తప్పునే నూఱుసార్లు వ్రాసి యా తప్పునే గట్టిపఱచుకొనును. వీధిబడి బెత్తమును వదలి వీధిబడి యిసుకను నిలుపుకొనుట వివేకము.

అట్లు త్రోవ దొరకిన బాలిక పెద్దయై యేమి కాగలదు? శాస్త్రజ్ఞురాలు కావచ్చునని చూచితిమి. ఆమెకు తగిన మఱియొక వృత్తి సంఘహితవ్యాపారము. దాతలనడిగి పంచిపెట్టుట ధర్మకార్యము. లాభమునకై యమ్ముట వ్యాపారము. ఈ రెంటి నడుమ నున్నది సంఘహితవ్యాపారము. దీనిలో సరకో సేవయో అమ్మి, తన ఖర్చును తానే భరించుచు, మిగిలిన దానిని పేదల మేలునకు వినియోగింతురు. 1959లో బొంబాయిలో ఏడుగురు గృహిణులు ఎనుబది రూపాయలు అప్పు దెచ్చి అప్పడములు ఒత్తుటకు మొదలిడిరి. అదియే పెరిగి లిజ్జత్ అప్పడముల సంస్థ యయ్యెను. అందు పనిచేయు స్త్రీలే దానికి యజమానులు.

ఇట్టి పనికి కావలసిన గుణము లెవ్వి? నలుగురి మాట ఓపికతో వినుట, విన్నదానిని జ్ఞాపకముంచుకొనుట, మనుష్యుల నెఱిగి పని యప్పగించుట, తనకు రానిదానిని వచ్చినవారి నడుగుటకు సిగ్గుపడకుండుట. పఠనవైకల్యము గల పిల్లలు బడిలో తమను గాపాడుకొనుటకు చిన్ననాటి నుండియు అభ్యసించునవి సరిగా నివియే. లండనులోని ఆచార్యురాలు జూలీ లోగన్ అమెరికాలోని 139 మంది వ్యాపారస్థులను విచారింపగా, వారిలో మూడవవంతుకంటె గొంచెము హెచ్చుమంది తమకు పఠనవైకల్య మున్నదని చెప్పిరని 2007లో పత్రికలు ప్రకటించినవి. పని నితరుల కప్పగించుటయందును, మాటతో మెప్పించుటయందును వారు నేర్పరులని ఆమె యభిప్రాయము. విచారించిన సంఖ్య చిన్నది. గెలిచినవారిని లెక్కించితిమే గాని, బడిలో అవమానములు పడలేక మధ్యలో మానివేసి ఏమైరో తెలియని వారిని లెక్కింపలేదు. కావున వైకల్యమే వరమని నేననను. వైకల్యము బరువే, ఆ బరువు మోయుటలో కొందఱికి బలమబ్బును. తోడు చేయి యిచ్చువారు లేనిచో బరువుక్రింద నలిగిపోవువారే హెచ్చు.

స్త్రీల యభ్యుదయమునకు పాటుపడువారికి ఈ బరువు నెఱిగియుండుట యేల ముఖ్యమో చెప్పెదను. బడిలో ఆ బాలికపై జరుగు పొరపాటే బడి వెలుపల లక్షలాది స్త్రీలపై జరుగుచుండెను. సంతకము చేయలేని స్త్రీ లెక్కయు నెఱుగదనియు, ధనము కాపాడుకొనలేదనియు లోకము తలచెను. 1974లో అహమ్మదాబాదున ఇలాభట్ గారి నాయకత్వమున నాలుగువేల మంది కూలిస్త్రీలు, కూరగాయలమ్ముకొను స్త్రీలు తలకు పదిరూపాయల చొప్పున వేసికొని సేవా సహకారబ్యాంకును స్థాపించిరి. సంతకము రాని స్త్రీ ఖాతాదారునుగా నెట్లు గుర్తించుట యను ప్రశ్నకు వారు పాస్‌బుక్కుపై ఛాయాపటము నంటించి సమాధాన మిచ్చిరి. అక్షర మడ్డము వచ్చినచోట వేఱొక త్రోవ వేసిరి.

ఇంతకంటె మనోజ్ఞమైన వృత్తాంతము మహారాష్ట్రమున సతారా జిల్లా మ్హస్వడ్ గ్రామమున జరిగినది. ఇనుపపని చేయుచు వీధి ప్రక్కన కాపురమున్న యొక స్త్రీ, వానకాలము రాకముందే గుడిసెపై గప్పుటకు టార్పాలిన్ కొనవలెనని దినమునకింత చొప్పున దాచుకొన దలచెను. అంత చిన్న మొత్తము మాకక్కఱలేదని బ్యాంకులు త్రిప్పి పంపివేసినవి. ఆ సంగతి విన్న చేతనా గాలా సిన్హా గారు స్త్రీలకై తామే బ్యాంకు పెట్టుటకు రిజర్వుబ్యాంకును అనుమతి వేడిరి. సభ్యులలో పలువురు నిరక్షరాస్యులని దరఖాస్తు త్రోసివేయబడెను. చేతనా గారు కంటనీరు పెట్టుకొని తిరిగి రాగా, ఆ స్త్రీలే యామెకు ధైర్యము చెప్పి, తాము చదువు నేర్చెదమనిరి. పగలు కూలిపని, రాత్రి ఓనమాలు. అయిదు నెలలు గడచిన పిదప వారే రిజర్వుబ్యాంకు అధికారుల యెదుటికి పోయిరి. తాము పెరుగునాడు ఊరిలో బడి లేకుండుట తమ తప్పు కాదనియు, అక్షరము లంతగా రాకున్నను లెక్క వచ్చుననియు, ఏ మొత్తమునకైనను వడ్డీ యడిగి చూడుడనియు, తమ యుద్యోగులను గూడ యంత్రము ముట్టకుండ అదే లెక్క కట్టుమని చెప్పుడనియు వారు నిర్భయముగ పలికిరి. 1997లో మాణ్ దేశీ మహిళా సహకారబ్యాంకు వెలసెను. పిదప ఆ బ్యాంకు ఇంటివాకిటనే సొమ్ము స్వీకరించు నేర్పాటు చేయుచు రహస్యసంఖ్య లియ్యజూపగా, సంఖ్యను ఎవరైన దొంగిలింపగలరు గాని తన బొటనవ్రేలిని దొంగిలింపజాలరు, వ్రేలిముద్రయే పెట్టుడని యొక స్త్రీ సలహా యిచ్చెను. చదువు రానిదానికి గుర్తుగా లోకము నవ్విన వ్రేలిముద్ర, ఆమె బుద్ధివలన ధనరక్షణకు తాళముచెవి యయ్యెను.

మన తెలుగుదేశమునను నిట్టి నిదర్శనము కలదు. నెల్లూరు జిల్లాలో 1990 ప్రాంతముల సాగిన అక్షరాస్యతోద్యమమున, రాత్రిబడుల వాచకములలో స్త్రీల బ్రతుకునకు సంబంధించిన కథలు పాఠములుగ నుండెను. సారాయి యంగడిని మూయించిన స్త్రీల కథయు నందొకటి. 1992లో దూబగుంట గ్రామస్త్రీలు సారాయిపై తిరుగబడిరి. ఆ యుద్యమము ఊరూర వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేది నుండి ప్రభుత్వము రాష్ట్రమున సారాయిని నిషేధించునట్లు చేసెను. ఆ జిల్లా స్త్రీలే దినమునకు రూపాయి చొప్పున దాచుకొని పొదుపుసంఘములు గట్టుకొనిరి. జీవితముతో ముడిపడిన పాఠమును నోటితో చర్చించుచు నేర్పినపుడు, "ఈ వయసున చదువేమి" అన్నవారికే చదువబ్బెను. లోపము నేర్చువారిలో గాక నేర్పుతీరులో నుండెనని స్పష్టము గాలేదా?

మ్హస్వడ్ స్త్రీలకును, దూబగుంట స్త్రీలకును పఠనవైకల్య ముండెనని నేను చెప్పుటలేదు. వారికి బడి దొరకలేదు. మన బాలికకు బడి దొరకియు దారి దొరకలేదు. కారణములు వేఱు, అవమానము ఒక్కటే. అక్షరము రానివారిని బుద్ధి లేనివారిగ చూచుటయే ఆ యవమానము. దానిని స్వయముగ ననుభవించి దాటిన బాలిక రేపు ఒక సంఘమునకు నాయకురాలైనచో, వ్రేలిముద్ర వేయు స్త్రీ యెదుట కూర్చుండి, ఆమె మాటలోని తెలివిని మొదటి నిమిషముననే గుర్తింపగలదు. లెక్కలు వ్రాయు గుమాస్తాను జీతమిచ్చి తెచ్చుకొనవచ్చును. ఆ గుర్తింపును ఏ జీతమిచ్చియు కొనలేము.

ఇచ్చట ఇద్దఱు ఆక్షేపించువారు లేతురు. "అట్లయిన అక్షరముతో పనిలేదందువా?" అని యొకరు. కాదు. మ్హస్వడ్ స్త్రీలు తమకు లెక్క వచ్చునని యూరకుండక, రాత్రులు మేల్కొని అక్షరములు నేర్చిరి గదా! చదువరాని స్త్రీ యితరులు చదివి చెప్పినదానినే నమ్మవలెను. ఆ పరాధీనత తొలగవలెననియే మన కోరిక. "ఒకరికి పరీక్షలో అదనపు కాల మిచ్చుట తక్కినవారి కన్యాయము గాదా?" అని రెండవవారు. కంటియద్దములు పెట్టుకొన్న బాలుని జూచి ప్రక్కవాడు తన కన్యాయము జరిగెనని మొఱపెట్టునా? పరీక్ష తెలిసినదానిని కొలుచుటకై గాని, ఎవరు వేగముగ కలము కదపగలరో తేల్చుటకు కాదు. ఈ న్యాయమును మన శాసనమును అంగీకరించినది. వికలాంగుల విషయమై 1995లో చేసిన చట్టమున అభ్యసనవైకల్యముల ప్రసక్తియే లేదు. 2016లో చేసిన చట్టము ఇరువదియొక్క వైకల్యములను పేర్కొని వానిలో వీనిని జేర్చినది. వైద్యనిర్ణయము పొందిన విద్యార్థులకు పరీక్షలలో అదనపు కాలము, లేఖకుని సహాయము మున్నగు సౌకర్యములు లభించుచున్నవి. చట్ట ముండియు తల్లిదండ్రులు తెలియక, బడులు విచారింపక, పిల్లలు నష్టపడుట శోచనీయము.

కావున మూడు విన్నపములు. తల్లిదండ్రులారా! సిగ్గుపడి దాచకుడు; బిడ్డను ఇతరుల యెదుట మొద్దని పిలువకుడు. చూపు, వినికిడి పరీక్షింపించిన పిదప, నేర్చిన వైద్యులయొద్దకో మనశ్శాస్త్రజ్ఞులయొద్దకో గొనిపొండు. ఉపాధ్యాయులారా! నలుబది మంది యెదుట నిలువబెట్టి తడబడు పిల్లచేత బిగ్గరగా చదివింపకుడు. ఆమెకు తెలిసినదానిని నోటితో నడిగి తెలిసికొని, దానికిని విలువ నిండు. విద్యార్థులారా! మీ తరగతిలో తప్పు చదివిన మిత్రురాలిని జూచి నవ్వకుడు. సాయంకాలము ఆమెకు పాఠము చదివి వినిపింపుడు, ఆమెచేత అర్థము చెప్పించుకొనుడు. ఎవరు ఎవరికి నేర్పుచున్నారో కొలదిదినములలో మీకే తెలియకపోవును.

వేసవి సెలవులు వచ్చుచున్నవి. ఏ యింటనైనను ఒక బాలికను ఇక బడికి పంపవలదని యాలోచన సాగుచున్నచో, ఆ నిశ్చయమునకు ముందు ఒక్క పని చేయుడని నా ప్రార్థన. పుస్తకమును ప్రక్కన బెట్టి, పాఠమును మీరే చదివి వినిపించి, ఆమెకు తెలిసినది చెప్పుమనుడు. చెప్పగలిగినచో ఆమె బడిని మానవలసిన పిల్ల గాదు; ఆమెకు బడి చాలని పద్ధతిలో చదువు చెప్పుచున్నదని తెలిసికొని, మరుసటి దినముననే హెడ్మాస్టరుగారిని దర్శింపుడు.